బాణం గుర్తు చెరిపేయకండి
పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఇదే పేజీలో మిలటరీ పాత పానాలు, టూల్ బాక్సులు దాచుకోవడం గురించి నాలుగు ముక్కలు రాసి, మీ ఇళ్లల్లో ఏమైనా ఉంటే ఫోటో తీసి పంపమన్నాను. ఇన్ని వస్తాయని నిజంగా అనుకోలేదు. అటకల మీద నుంచి, పశువుల కొట్టాల్లోంచి, గ్యారేజీల మూలల్లోంచి తీసి మరీ పంపారు. అన్నిటికీ ఇక్కడ జవాబు రాయడం కుదరదు కాబట్టి ఎక్కువమంది అడిగినవి తీసుకున్నాను, మిగతావాళ్లకి విడిగా రాస్తాను.

ప్రశ్న: నమస్తే అండి. మా తాతగారు రెండో ప్రపంచ యుద్ధం టైంలో మిలటరీ లారీలు రిపేరు చేసే చోట పనిచేశారు. ఈమధ్య అటక దులుపుతుంటే ఆయన నల్ల ట్రంకు పెట్టె దొరికింది, అందులో గోనెపట్టాలో చుట్టి 9 పానాలు. అన్నిటి మీదా చిన్న బాణం గుర్తు, పక్కన ఇంగ్లీషు ఐ అక్షరం ఉన్నాయి. ఒకదాని మీద 3/8 డబ్ల్యూ అని ఉంది కానీ దాని నోరు కొలిస్తే దాదాపు 18 మిల్లీమీటర్లు వస్తోంది, నా దగ్గరున్న 3/8 పానాకి ఇది రెట్టింపు ఉంది. అరిగిపోయిందా, తప్పు అంకె గుద్దారా? తుక్కుకి వేసేయమంటున్నారు ఇంట్లో. — ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: తుక్కుకి మాత్రం వేయకండి బాబూ, ముందు ఆ మాట. అది అరగలేదు, అంకె తప్పూ కాదు. మీ దగ్గరున్న మామూలు అంగుళాల పానా మీద రాసి ఉండేది దాని నోటి వెడల్పు. తాతగారిది విట్‌వర్త్ పానా, దాని మీద రాసేది నోటి కొలత కాదు, ఆ పానా పట్టే బోల్టు కాడ ఎంత మందమో అది. 3/8 అంగుళం కాడ ఉన్న బోల్టుకి తల 0.710 అంగుళం ఉంటుంది, అంటే సరిగ్గా మీరు కొలిచిన 18 మిల్లీమీటర్లే. మీ పానా 80 ఏళ్ల తర్వాత కూడా కొలత తప్పలేదన్నమాట, చూడండి ఎంత గట్టి సరుకో.

జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1841 లో బోల్టుల మరలన్నిటికీ (కాడ చుట్టూ తిరిగే గాడులకి) ఒకే లెక్క ఉండాలని 55 డిగ్రీల కోణంతో ఒక కొలత పెట్టాడు, అంతకుముందు ఏ కార్ఖానా మర దానిదే. అమెరికావాళ్లది 60 డిగ్రీలు. యుద్ధంలో ఒకళ్ల బోల్టు ఇంకొకళ్ల నట్టుకి ఎక్కక నానా తిప్పలూ పడ్డాక అమెరికా, బ్రిటన్, కెనడా కూర్చుని 1948 లో ఒకే కొలతకి ఒప్పుకున్నాయి. మీ పానాలు దానికి ముందువి. వాటిమీద డబ్ల్యూ పక్కనే బీఎస్ అని ఇంకో అంకె కూడా ఉంటే కంగారు పడకండి, అది సన్న మర బోల్టుల లెక్క, దాంట్లో అంకె ఒక మెట్టు పెద్దది వేస్తారు, 3/8 డబ్ల్యూ పానాయే 7/16 బీఎస్ పానా. మిగతావి కూడా కొలుచుకోండి: 1/4 ది 13.3 మిల్లీమీటర్లు, 5/16 ది 15.2, 7/16 ది 20.8, 1/2 ది 23.4 రావాలి. ఇంకో మాట, మీ ఊళ్లో పాత బుల్లెట్ బండ్లు చేసే పెద్ద మెకానిక్ ఎవరైనా ఉంటే తీసుకెళ్లి చూపించండి, ఆ బండ్లకి పనికొచ్చేవి ఇవే కాబట్టి ఆయన వాటిని చేతిలోంచి దించడు.

ఇక బాణం. మూడు గీతలు ఒక చోట కలిసే ఆ గుర్తుని బ్రాడ్ యారో అంటారు, బ్రిటిష్ సర్కారు సొత్తు అని చెప్పడానికి కొన్ని వందల ఏళ్లుగా వేస్తూ వచ్చారు. అమెరికా ఇంకా వాళ్ల వలసగా ఉన్న రోజుల్లో ఓడల తెరచాప స్తంభాలకి పనికొచ్చే పెద్ద పెద్ద దేవదారు చెట్ల మీద కూడా గొడ్డలితో ఇదే గుర్తు కొట్టేవాళ్లు, ఆ చెట్టు రాజుగారిది, ఎవడూ ముట్టుకోకూడదని. బాణం పక్కన ఐ ఉంటే ఇండియా మిలటరీ సరుకు. సి అక్షరం లోపల బాణం ఉంటే కెనడా, రెండు డి ల మధ్య బాణం ఆస్ట్రేలియా, యు లోపల బాణం దక్షిణాఫ్రికా. కిరీటం కింద ఏఎం అని ఉంటే అది విమానాల వాళ్లది, ఎయిర్ మినిస్ట్రీ. రెండు బాణాలు మొనా మొనా తగిలేలా ఎదురెదురుగా ఉన్నాయనుకోండి, చూడ్డానికి ఆరు కొమ్మల చుక్కలా ఉంటుంది, దానర్థం ఆ వస్తువుని సర్వీసులోంచి తీసేసి అమ్మేశారని. ఇది గుర్తుపెట్టుకోండి, కింద ఇంకో జవాబులో దీంతో పని పడుతుంది.

ఆ ట్రంకు పెట్టె మూత లోపలా బయటా తెల్ల పెయింటుతో పేరు, నంబరు ఏమైనా ఉందేమో తడిగుడ్డతో మెల్లగా తుడిచి చూడండి. మీ ఉత్తరంలో తాతగారు విశాఖలో ఉండగా జపాన్ విమానాలు బాంబులు వేశాయని మీ నాన్నమ్మ చెప్పేదని రాశారు కదా, అది 1942 ఏప్రిల్ 6. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. ఇంట్లో ఇంకా ఎవరికైనా గుర్తుంటే ఈ ఆదివారమే కూర్చోబెట్టి రాసుకోండి.

ప్రశ్న: అన్నా, మొన్న గురువారం జుమేరాత్ బజార్ల ఒక పచ్చ రంగు రేకు టూల్ బాక్స్ తీసుకున్న. మూత మీద తెల్ల రంగుతోని యూఎస్ 1944 అని ఉంది. లోపల చిన్న అల్యూమినియం పట్టీ కొట్టిండ్రు, దాని మీద 5140 తోని మొదలయ్యే పొడుగు నంబర్ ఉంది. అమ్మినాయన వరల్డ్ వార్ ది అన్నడు, 6,500 ఇచ్చిన. దోస్తులేమో మోసపోయినవ్ రా అంటున్నరు. ఎట్ల తెలుసుకోవాలె? — ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: తమ్ముడూ, ఆ పట్టీ మీద అంకెలు లెక్కపెట్టు. నువ్వు పంపిన ఫోటోలో నేను లెక్కపెడితే 13 వచ్చాయి. అది స్టాక్ నంబర్, అంటే మిలటరీవాళ్లు ఒక్కో రకం సామానుకి ఇచ్చే నంబర్. 13 అంకెల పద్ధతి మొదలైందే 1974 లో. అంతకుముందు 1950ల నుంచి 11 అంకెలవి వాడారు, రెండో ప్రపంచ యుద్ధంలో ఇవి రెండూ లేవు. కాబట్టి పట్టీ నిజం చెప్తోంది, మూత మీది 1944 అబద్ధం చెప్తోంది. ఆ పట్టీ రివెట్లు పెట్టె రంగు కిందకి పోయి ఉన్నాయి, అంటే పట్టీ తర్వాత తగిలించింది కాదు, పెట్టెతో పాటు వచ్చిందే.

ఇంత బాధపడక్కర్లేదు కానీ. 5140 అంటే టూల్ బాక్సుల తరగతి నంబరు, 5120 అంటే పానాలు, సుత్తులు లాంటి చేతి పనిముట్లు, 5180 అంటే మొత్తం కిట్. ఆ నాలుగు అంకెల తర్వాత వచ్చే రెండు అంకెలు దేశం. 00 లేదా 01 అమెరికా, 99 బ్రిటన్, 12 జర్మనీ, 72 మన ఇండియా. నీ పెట్టె మీద 00 ఉంది. అంటే నిజమైన అమెరికా మిలటరీ పెట్టెనే, కాకపోతే కొంచెం తర్వాతి కాలంది. ఎవరో దానికి వయసు పెంచి అమ్మారు, అంతే.

మోసం ఎట్ల పట్టుకోవాలంటే నేను చేసేది చెప్తాను. ఆ యూఎస్ అక్షరాల మీద గోరు పెట్టి గీకి చూడు. పాత పెయింటు పొడిలా రాలుతుంది, కొత్తది తోలు లాగా లేస్తుంది. అక్షరం అంచులో ఉన్న గీతల్లోకి, సొట్టల్లోకి తెల్ల రంగు దిగిందా చూడు. గీత ముందు పడి దాని మీద అక్షరం వేసినట్టుంటే ఆ అక్షరం నిన్నమొన్నటిది, అక్షరం మీదుగా గీత పోతే అది గీత కంటే పాతది. ఫోటోలో ఎడమ పక్క ఉన్న లోతు సొట్టలో తెల్ల రంగు నిండిపోయి కనపడుతోంది, ఆ సొట్ట పడ్డాకే స్టెన్సిల్ పెట్టి కొట్టారు. పానాల మీద గుద్దిన అక్షరాలకి కూడా ఇదే లెక్క. అచ్చు కొట్టినప్పుడు ఇనుము పక్కకి జరిగి అక్షరం చుట్టూ సన్న గట్టు లేస్తుంది, వాడగా వాడగా ఆ గట్టు నున్నగా అరిగిపోతుంది. అంతా అరిగిపోయిన పానా మీద అక్షరం గట్టు మాత్రం చేతికి గరుకుగా తగిలితే అనుమానించు.

ఇంకొకటి, ఎవరైనా తళతళా మెరిసే క్రోమ్ పానా తెచ్చి 1943 అమెరికన్ ఆర్మీది అంటే ఆగి ఆలోచించు. ఆ టైంలో క్రోమియం, నికెల్ యుద్ధ సామాన్లకి కావాలని పానాలకి వేయడం బాగా తగ్గించేశారు, చాలావాటికి బూడిద రంగు కాడ్మియం పూత గానీ నల్ల పూత గానీ ఉంటుంది. అసలు అమెరికా సరుకు మన దగ్గరికి ఎట్ల వచ్చిందంటే, చైనా, బర్మా, ఇండియా యుద్ధరంగం కోసం కలకత్తా రేవులో దిగిన సామాను అంతా ఇంతా కాదు, అస్సాంలో లెడో నుంచి బర్మాలోకి రోడ్డు వేసింది వాళ్లే. యుద్ధం అయిపోయాక అందులో చాలా భాగం ఇక్కడే వదిలేసి అమ్మేశారు. అందుకే నిజమైన 1944 సరుకు మన తుక్కు బజార్లలో దొరకడం అసాధ్యమేం కాదు. వెతుకు, దొరుకుతుంది. ఎర్రగడ్డ ఆదివారం సంతలో కూడా పొద్దున్నే పోయి చూస్తుండు.

ప్రశ్న: మా మామగారి టూల్ బాక్స్ బాగా తుప్పు పట్టింది. మా అబ్బాయి గ్రైండర్‌కి ఇనుప బ్రష్ పెట్టి మొత్తం తోమేసి, కొత్తగా ఆలివ్ గ్రీన్ రంగు వేసి షోకేసులో పెడదాం అంటున్నాడు. మీరేమంటారు? — ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: అమ్మా, దయచేసి గ్రైండర్ వద్దని చెప్పండి. ఈ మాట ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, పదిహేనేళ్ల కిందట నాకు ఒక సుత్తి దొరికింది, తల పక్కన బాణం, సంవత్సరం స్పష్టంగా ఉన్నాయి, కొంచెం తుప్పు. పాలిష్ చేసే ఒక షాపులో ఇచ్చి సాయంత్రం వచ్చి తీసుకుంటానన్నాను. వచ్చేసరికి అద్దంలా మెరిసిపోతోంది, బాణం లేదు, సంవత్సరం లేదు. ఆ కుర్రాడు పాపం చాలా బాగా చేశాననుకుని నవ్వుతూ ఇచ్చాడు. ముందే చెప్పాల్సింది నేను, చెప్పలేదు. ఆ సుత్తి ఇప్పుడు ఏ షాపులోనైనా దొరికే సుత్తే. ఇప్పటికీ దాన్ని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

రెండో కారణం ఇంకా ముఖ్యం, ఆరోగ్యం. పాత మిలటరీ పెయింటులో సీసం ఉండే అవకాశం ఎక్కువ, పైన చెప్పిన కాడ్మియం పూత పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే విషం. ఈ రెండిటినీ గ్రైండర్‌తో గానీ పొడి ఉప్పు కాగితంతో గానీ రుద్దకూడదు, మంట పెట్టి కాల్చకూడదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే అసలు ఆ పని ఇంట్లోనే వద్దు.

మరి ఏం చేయాలంటే ముందు ఏమీ చేయకుండా ఫోటోలు తీయండి, ప్రతి గుర్తూ దగ్గరగా. తర్వాత పెట్టెకి కిరసనాయిలు తడిపిన గుడ్డ, పాత పళ్ల బ్రష్, అంతే, రంగు ఉన్నచోట రంగు ఉండనివ్వాలి, గీకకూడదు. తుప్పు పొరగా లేచినచోట మాత్రం నూనె రాసి ఒక రోజు నాననిచ్చి ఇత్తడి రేకు ముక్కతో మెల్లగా లేపండి, ఇత్తడి మెత్తన కాబట్టి ఇనుముని గీరదు. పూత లేని ఉత్త ఇనుము పానాలైతే నిమ్మ ఉప్పు వేసిన నీళ్లలో కొన్ని గంటలు ఉంచి మధ్యమధ్యలో తీసి చూస్తూ ఉండండి, మర్చిపోయి రెండు రోజులు వదిలేస్తే ఇనుమునే తినేస్తుంది. స్ప్రింగులు మాత్రం ఇందులో వేయకండి, పెళుసెక్కి విరుగుతాయి.

బాగా మొండి తుప్పుకి కరెంటు పద్ధతి ఉంది, అబ్బాయికి అదంటే ఇష్టమైతే చేయించండి. ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు, 5 లీటర్లకి రెండు చెంచాల చాకలి సోడా, 12 వోల్టుల బ్యాటరీ ఛార్జరు. మైనస్ వైరు పానాకి, ప్లస్ వైరు ఏదైనా పనికిరాని మామూలు ఇనుప ముక్కకి, రెండూ ఒకదానికొకటి తగలకూడదు. ప్లస్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు గరిటెలూ గిన్నెలూ ఎప్పుడూ పెట్టకూడదు, విషపు క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. బుడగలుగా వచ్చేది హైడ్రోజన్, నిప్పు తగిలితే అంటుకుంటుంది కాబట్టి ఆరుబయటే చేయాలి, నీళ్లలో చెయ్యి పెట్టేముందు స్విచ్చి ఆపాలి. మర్నాటికి తుప్పు నల్లగా మారి మెత్తగా ఊడొస్తుంది, దాని కింద మీరు ఊహించని అక్షరాలు తేలతాయి, ఆ క్షణం కోసమే నేను ఈ పని చేస్తుంటాను. వెంటనే తుడిచి ఎండలో పెట్టి వేడి మీద ఉండగానే మెషిన్ ఆయిల్ రాసేయండి, ఒక గంట ఆలస్యమైనా మళ్లీ ఎర్రబడుతుంది. చెక్క పిడులకి అవిసె నూనె. వార్నిష్ వద్దు.

ప్రశ్న: మా ఊళ్లో తుక్కు షాపులో ఇప్పటి ఆర్మీ గుర్తులతో కొత్త కొత్త పానాలు కూడా అమ్ముతున్నారు, ఒక పాత ఖాళీ గుండు కూడా ఉంది. కొనచ్చా? — ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: గుండు దగ్గరికి పోకండి. ఖాళీదని అమ్మేవాడు అంటాడు కానీ అతనికేం తెలుసు, లోపల మందు మిగిలి ఉంటే తుక్కు షాపుల్లో పేలి మనుషులు పోయిన సంగతులు పేపర్లో చూస్తూనే ఉన్నాం. ముట్టుకోకుండా పోలీసులకి చెప్పండి. పైగా తూటాలు, తుపాకీ భాగాలు 1959 ఆయుధాల చట్టం కిందకి వస్తాయి, సరదాగా దాచుకున్నా అన్నా కుదరదు. 9 అంగుళాలు దాటిన బాయ్‌నెట్ కత్తులతో కూడా జాగ్రత్త. పానాల సంగతికొస్తే, మిలటరీ పనికిరాదని తీసేసిన సామాను ఎంఎస్‌టీసీ లాంటి సర్కారు సంస్థల వేలంలో అమ్ముతుంది, అక్కడ కొన్న వ్యాపారి దగ్గర కాగితం ఉంటుంది. ఆ కాగితం కాపీ అడగండి. ప్యాకింగు కూడా విప్పని కొత్త సరుకు కాగితం లేకుండా వస్తే అది ఎక్కడినుంచి వచ్చిందో మీకూ నాకూ తెలుసు, ఒక్క రూపాయి పెట్టకండి. పాతవాటి మీద ఎదురెదురు బాణాలు ఉంటే మనసు ఇంకా నిమ్మళం. చీకట్లో వెలిగే పాత మీటర్ల ముళ్లు కనిపిస్తే వాటిని విప్పకండి, అందులో రేడియం ఉంటుంది.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాం, అపార్ట్‌మెంట్. మా వారికి ఈ పిచ్చి కొత్తగా పట్టుకుంది, వీకెండ్ వస్తే చాలు సంతల చుట్టూ తిరుగుతున్నారు. తక్కువ చోటులో, తక్కువ ఖర్చులో ఏది దాచుకుంటే బాగుంటుంది? — ఒక పాఠకురాలు

జవాబు: ఒక్క రకం పట్టుకోమనండి, కనపడిందల్లా కొంటే ఏడాదిలో ఇల్లు గోడౌన్ అవుతుంది. మీరున్న చోట తేలిగ్గా దొరికేది 1943 మోడల్ మడత పార. బ్లేడు మీద యూఎస్, కంపెనీ పేరు, సంవత్సరం గుద్ది ఉంటాయి, గోడకి తగిలిస్తే చాలు. లేదా జీపు పానాల సంచి ఒక్కటే పూర్తి చేసుకోవచ్చు, ఫోర్డ్ వాళ్లు చేసిన జీపులకైతే బోల్టు తల మీద కూడా చిన్న ఎఫ్ అక్షరం వేసేవారు, అది వెతుక్కోవడంలో ఎంత మజా ఉంటుందో మీవారే చెప్తారు. బాల్కనీ ఉంటే ఒక్క జెర్రీక్యాన్, అదే పెట్రోలు పోసుకునే రేకు డబ్బా, పెట్టుకోండి. 20 లీటర్లది, 1930ల్లో జర్మన్లు చేసిన డిజైను, అది చూసి బ్రిటిష్‌వాళ్లు, అమెరికావాళ్లు కూడా తయారు చేసుకున్నారు. దానికి పైన మూడు పిడులు ఎందుకో తెలుసా? నిండు డబ్బా ఒక్కడే మోస్తే మధ్య పిడి, ఇద్దరు చెరో పక్క పట్టుకుంటే చివరి రెండు, ఖాళీవైతే ఒక్కో చేత్తో రెండేసి. చేత్తో పట్టుకుని చూస్తే గానీ ఆ తెలివి అర్థం కాదు. ఇండియాకి తెచ్చేటప్పుడు పానాలన్నీ చెక్-ఇన్ సూట్‌కేసులోనే పెట్టండి, పెట్రోలు వాసన ఉన్న డబ్బా మాత్రం తేవద్దు.

ప్రశ్న: మా ఆయన ఈఎంఈలో (ఆర్మీల బండ్లు, యంత్రాలు రిపేరు చేసే విభాగం) హవల్దారుగా చేసి రిటైర్ అయ్యారు. పోయి మూడేళ్లు అయింది. ఆయన టూల్ బాక్స్ అట్లనే ఉంది. ఒకాయన వచ్చి పానాలు మాత్రమే కొంటా, పెట్టె వద్దు అంటున్నడు. పిల్లలకి ఈ పని రాదు. అమ్మాల్నా వద్దా తెలుస్తలేదు. — ఒక అమ్మ, కరీంనగర్

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అమ్మమని గానీ వద్దని గానీ నేను చెప్పేది కాదు, డబ్బు అవసరం ఉంటే అమ్మడంలో తప్పేం లేదు. కానీ విడగొట్టి మాత్రం ఇవ్వకండి. మీరు పంపిన ఫోటోలో పెట్టె మూత లోపల ఆయన చేత్తో రాసిన వరస ఉంది చూడండి, 10, 11, 12, 13, 14, 17, 19, ఒక్కో అంకె కింద ఒక్కో పానాకి గుర్తు గీత. ఇవి మిల్లీమీటర్ల పానాలు. జబల్‌పూర్‌లో తయారైన శక్తిమాన్ లారీ జర్మన్ డిజైన్‌ది, జోంగా జీపు జపాన్ నిస్సాన్‌ది, రెండిటికీ ఈ కొలతలే, విజయనగరం తాతగారి అంగుళాల పానాలు వీటికి పనికిరావు. అంటే మీ ఆయన ఏ బండ్ల కింద పడుకుని పనిచేశారో ఆ పెట్టె చూస్తేనే తెలుస్తోంది. పానాలు పోతే ఆ గీతలకి అర్థం లేదు, పెట్టె పోతే పానాలు ఎవరివో తెలీదు.

ఈఎంఈ 1943 లో పుట్టింది, ఏటా అక్టోబర్ 15న వాళ్లు కోర్ డే చేసుకుంటారు. సికింద్రాబాద్‌లో వాళ్ల సెంటర్ ఉంది, తిరుమలగిరిలో కాలేజీ ఉంది. ఆయనతో పాటు చేసిన రిటైర్డు వాళ్లు మీ చుట్టుపక్కల ఉండే ఉంటారు, జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసులో అడిగితే చెప్తారు. వాళ్లలో ఒకరిని ఇంటికి పిలిచి, మీ పిల్లల ముందు ఆ పెట్టె విప్పించి ఏ పానా దేనికి వాడేవాళ్లో చెప్పించండి, ఫోన్‌లో రికార్డు చేయమనండి. ఆ తర్వాత అమ్మాలనిపిస్తే మొత్తం పెట్టెతో కలిపి, ఆయన పేరు, నంబరు, చేసిన ఊళ్లు రాసిన కాగితం లోపల పెట్టి, అది తీయను అని ఒప్పుకున్న వాళ్లకే ఇవ్వండి.

ఒక్క సందేహం ఉంది. ఆ వరసలో 17 కింద గీత ఉంది కానీ ఫోటోలో ఆ పానా కనపడలేదు. అడుగు రేకు కింద ఒకసారి చెయ్యి పెట్టి చూడండి, ఆ రకం పెట్టెల్లో సన్న పానాలు అక్కడికి జారిపోతుంటాయి. దొరికితే నాకు రాయండి.